అవును, సంతోషం

ఆ శనివారం పొద్దున్నే టైలరమ్మ ఇల్లు కడగాలని నిశ్చయించుకుంది. ఇల్లు కడగడం గురించి ఆవిడకో సిద్ధాంతం ఉంది. కడిగేటప్పుడు ఇంట్లో ఏ వస్తువూ ఉండకూడదు, వీలైతే మనుషులు కూడా ఉండకూడదు. మంచం కిందకి చీపురు దూర్చి, కుర్చీ కాళ్ల చుట్టూ గుడ్డ తిప్పి అయిందనిపించేవాళ్లు ఆవిడ లెక్కలో స్నానం మానేసి సెంటు పూసుకునేవాళ్లే. పైగా సాయంత్రం భర్తగారి సూపర్‌వైజరు, ఆయన భార్య టీకి వస్తున్నారు. దేశం మారాక గడప తొక్కబోతున్న మొదటి అతిథులు వాళ్లే.

"అంతా బాగానే ఉందిగానీ, ఆ మిషను తీసి ఎక్కడైనా లోపల పెట్టు," అన్నాడు భర్త, గోడౌనుకి వెళ్లడానికి బూట్ల తాళ్లు బిగించుకుంటూ. "గదంతా అదే ఉన్నట్టుంది. ఇక్కడ అన్నీ కొట్లో కుట్టినవే దొరుకుతాయి. నీ దగ్గర కుట్టించుకునేదెవరు?"

టైలరమ్మ చీపురు గోడకి ఆనించింది. "మిషను ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటానండీ. దాన్ని పంపించెయ్యాలని ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసే వెళ్లిపోతాం."

ఆయన రెండో బూటు తాడు మీదకి వంగిపోయాడు. పెళ్లయిన కొత్తలోనే ఆయన నేర్చుకున్న విద్య అది.

ఆ మిషను కథ ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. నల్లగా, బరువుగా, పక్కన పిడి పట్టుకుని తిప్పే చేతిమిషను. పాత ఊళ్లో ఆవిడ కొట్టు దానితోనే మొదలైంది. సగం ఊరి కొలతలు ఆవిడకి నోటికొచ్చు. మనిషి మొహం చూసి కాదు, భుజాల వాలు చూసి గుర్తుపట్టేది. బయల్దేరేటప్పుడు కొట్టు, కరెంటు మిషన్లు, బీరువాలు అన్నీ అమ్మేసినా, దీన్ని మాత్రం చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని విమానం ఎక్కింది. ఇదేమిటని విమానాశ్రయంలో అధికారి నిలదీస్తే, మూత తీసి, ఆయన టోపీకి ఊడిన అంచు అక్కడికక్కడే కుట్టి చేతిలో పెట్టింది. ఆయన టోపీ పెట్టుకుని దారి వదిలాడు.

అంత చేసి తీసుకొస్తే, ఇక్కడ దాన్ని అడిగినవాళ్లు లేరు. ఆవిడని టైలరమ్మా అని పిలిచినవాళ్లూ లేరు. ఇంట్లో ఉన్నవన్నీ ఎవరో ఒకరు జాలిపడి ఇచ్చినవే. కుర్చీలు ఒకరివి, మంచం ఇంకొకరిది, టేబులు ఏ సంఘం వాళ్లదో. ఇచ్చినవాళ్లు మంచివాళ్లే, కాదనకూడదు. కానీ థాంక్స్ చెప్పీ చెప్పీ ఆవిడ దవడలు నొప్పి పుట్టాయి. ఊళ్లో నలుగురికి పని ఇచ్చిన చెయ్యి, ఇక్కడికొచ్చి ఎప్పుడు చూసినా పుచ్చుకునే చెయ్యే అయింది. అదే ఆవిడకి మింగుడుపడలేదు.

భాష సంగతి సరేసరి. కూతురికి మాత్రం బడిలో చేరిన కొన్నాళ్లకే నాలుక తిరిగింది. అందుకే ఇంట్లో దానికి దుబాసీ అని పేరు. ఆ దుబాసీ తల్లికి ఒక చిన్న మాట నేర్పింది. ఆ భాషలో దాన్నెలా పలుకుతారన్నది మనకు అనవసరం. మన మాటల్లో చెప్పాలంటే "అవును, సంతోషం" అని.

"ఎవరేమన్నా నవ్వి ఇదొక్కటి అనెయ్యి అమ్మా. నూటికి తొంభైసార్లు సరిపోతుంది," అంది దుబాసీ.

మిగిలిన పదిసార్ల గురించి తల్లీ అడగలేదు, కూతురూ చెప్పలేదు.

భర్త పనికి వెళ్లాక తల్లీకూతుళ్లిద్దరూ కలిసి సామానంతా బయటికి మోశారు. ఇంతకుముందు పైఅంతస్తులో ఒంటిగదిలో ఉండేవాళ్లు. గుమ్మం దాటితే వీధే అయిన ఈ ఇంటికి మారి ఎన్నాళ్లో కాలేదు. కుర్చీలు, టేబులు, మడతమంచం, పరుపు, రంగురంగుల ముక్కలతో ఆవిడే మెత్త కుట్టిన పొట్టి స్టూలు, అన్నీ పేవ్‌మెంటు మీద గోడవారగా వరసగా పెట్టారు. చివర్న మిషను పెట్టి, దుమ్ము పడకుండా తువ్వాలు కప్పింది. ఎండ బాగా కాస్తోంది. దుబాసీ లైబ్రరీకి వెళ్లిపోయింది. టైలరమ్మ కొంగు బిగించింది.

ముందు కుక్కని నడిపించుకుంటూ ఎదురింటి ముసలాయన వచ్చాడు. ఆగి, కుర్చీ మీద చెయ్యి వేసి ఏదో అడిగాడు. పాపం, మోకాళ్ల నొప్పి కాబోలు, కాసేపు కూర్చోవచ్చా అంటున్నాడనుకుంది ఆవిడ. పెద్దాయన కూర్చుంటానంటే వద్దనేవాళ్లుంటారా? రెండు చేతులూ కుర్చీ వైపు చాపి, "అవును, సంతోషం!" అంది. ఆయన కూర్చుని చూశాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. కూర్చోనిచ్చినందుకే ఇంత సంబరమా అని ఆశ్చర్యపోతూ లోపలికి వెళ్లి బకెట్టు నింపింది.

బకెట్టు నీళ్లు గదిలో గుమ్మరించాక తెలిసింది, ఆ ఇంటికి తూము లేదని. ఈ మూల చూసింది, ఆ మూల చూసింది, గోడ అడుగున తడిమి చూసింది. నీళ్లు పోవడానికి చిన్న కన్నం కూడా పెట్టకుండా ఇల్లు కట్టిన మహానుభావుడెవరో! నీళ్లు ఎటు పోవాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయాయి. ఈ దేశంలో దిగిన రోజు ఆవిడ కూడా అచ్చం అలాగే నిలబడింది. ఇక చేసేదేముంది? ఇంట్లో ఉన్న తువ్వాళ్లు, దుప్పట్లు అన్నీ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఒత్తడం, పిండడం మొదలుపెట్టింది.

ఆ పనిలో ఉండగా కిటికీలోంచి ఎవరెవరో తొంగి చూసి ఏదేదో అడిగారు. ఒక లావుపాటాయన, ఒక పిల్లల తల్లి, పచ్చ ఏప్రను కట్టుకున్న ఒకావిడ. ఇరుగుపొరుగు ఎంత ఆప్యాయంగా పలకరిస్తున్నారో అనుకుని, తలెత్తకుండానే అందరికీ ధారాళంగా "అవును, సంతోషం" అంటూ పోయింది.

తర్వాత ఇంటి ఓనరు వచ్చాడు. వీధి మలుపులోనే ఆయన ఇల్లు. గుమ్మంలో నిలబడి, ఖాళీగా ఉన్న గదినీ, ఆ నీళ్లనీ చూసి, దిగులుగా ఒక ప్రశ్న వేశాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నారా అన్నది ఆ ప్రశ్న. టైలరమ్మ నుదుటి చెమట తుడుచుకుని, మనసారా నవ్వి, "అవును, సంతోషం!" అంది. వెళ్తున్నారంటే సరే, అంత సంతోషం దేనికని ఆయన మనసు చివుక్కుమంది. ఆ చివుక్కుతోనే ఇంటికి వెళ్లి గోడౌనుకి ఫోను చేసి, "మీ ఆవిడ మిషనుతో సహా ఇల్లంతా ఖాళీ చేసేశారు, ఒక్క మాట ముందు చెప్పకూడదా?" అని భర్తగారిని నిష్ఠూరమాడాడు. ఆ పైన, అద్దె ఇంటికోసం వెతుకుతున్న తన మేనకోడలికి కబురుపెట్టాడు.

కొంచెంసేపటికి ఓనరు మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట పాతికేళ్ల పిల్లా, ఆ పిల్లకి కాబోయే మొగుడూ ఉన్నారు. వాళ్లని చూడగానే టైలరమ్మ గాభరాగా లేచి నిలబడింది. సూపర్‌వైజరు దంపతులు పెందలాడే వచ్చేశారు! ఆవిడ చేతిలో తడి దుప్పటి, గదిలో మడుగు, కూర్చోవడానికి కుర్చీ లేదు. అయినా వచ్చినవాళ్లు ఏమీ అనుకున్నట్టు లేదు. గదులన్నీ తిరిగి చూశారు. అల్మైరా తెరిచి చూశారు. కుళాయి తిప్పి చూశారు. ఆ పిల్ల ఒక తాడు తీసి కిటికీ కొలవడం మొదలుపెట్టింది. అతిథులు వచ్చి కిటికీలు కొలవడం ఈ దేశపు మర్యాద కాబోలనుకుంది టైలరమ్మ.

కానీ ఆ పిల్ల తాడుని వదులుగా, వంకరగా పట్టుకుంది. ఎంత అతిథి అయినా అది చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఎప్పుడూ మెడలో వేలాడే టేపు తీసి, పిల్లని మెల్లిగా పక్కకి జరిపి, ఎత్తూ వెడల్పూ కొలిచింది. కుచ్చులకి ఎంత ఎక్కువ గుడ్డ కావాలో, మడతకి ఎంత వదలాలో వేళ్లతో చూపించింది. తన ఇంట్లోంచి తనని ఖాళీ చేయించే కార్యక్రమానికి అలా దగ్గరుండి సాయం చేసింది. ఆ పిల్ల సంబరపడి ఏదో అడిగింది. "అవును, సంతోషం," అని, కుర్చీలు తెస్తానని సైగ చేసి, టైలరమ్మ బయటికి పరిగెత్తింది.

పేవ్‌మెంటు ఊడ్చిపెట్టినట్టుంది.

మిగిలింది టేబులొక్కటే. దాన్ని కూడా ఆ లావుపాటాయన వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. "దొంగ! దొంగ!" అని అరుస్తూ ఆవిడ వెంటపడింది. ఆయన వెనక్కి తిరిగి, నిండుగా నవ్వి, చెయ్యి ఊపి, వ్యాను ఎక్కాడు. దొంగన్నవాడు పారిపోవాలి, లేదా కనీసం మొహం దాచుకోవాలి. నవ్వుతూ వీడ్కోలు చెప్పే దొంగని ఏమని తిట్టాలో ఆవిడకి తోచలేదు. అప్పుడు గోడ చివరకి చూసింది. తువ్వాలు చక్కగా మడతపెట్టి ఉంది. మిషను లేదు.

టైలరమ్మ అక్కడే చతికిలబడింది. కుర్చీలు పోతే నేల మీద కూర్చోవచ్చు. మిషను పోతే రేపటినుంచి తానెవరు? దుబాసీ వాళ్లమ్మ, గోడౌను ఆయన భార్య, అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజుకి ఇంట్లో ఉన్న నీళ్లు చాలవన్నట్టు.

లైబ్రరీనుంచి వచ్చిన దుబాసీకి వీధిలో కూర్చున్న తల్లీ, ఇంట్లోంచి కిటికీ కొలతలు వల్లించుకుంటూ వస్తున్న కొత్తవాళ్లూ ఒకేసారి ఎదురయ్యారు. ఓనరుతో నాలుగు మాటలు మాట్లాడి, ఆ మాటల మధ్యలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, ఇక్కడ పేవ్‌మెంటు మీద సామాను పెడితే, మాకొద్దు, కావలసినవాళ్లు తీసుకోండి అని అర్థమట! ఎవరూ దొంగతనం చెయ్యలేదు. అందరూ నిన్నడిగే తీసుకున్నారట."

"నన్ను అడిగారా? నేనేమన్నాను?"

దుబాసీ చెప్పక్కర్లేకపోయింది. తల్లికి ఒక్కసారిగా అంతా వెలిగింది. మిషను కూడా తన నోటితో తానే ఇచ్చేసింది! పచ్చ ఏప్రనావిడ కిటికీలోంచి అడిగింది దానికోసమేనట, ఆవిడ దాన్ని మోసుకెళ్లడం ఓనరు చూశాడట.

"పద, ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుందాం. పొరపాటని చెప్తే ఇచ్చేస్తారు," అంది కూతురు.

ముందు ఎదురింటికి వెళ్లారు. ముసలాయన వరండాలో ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. దుబాసీ నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు. అంతా విని, దుబాసీ తల్లి వైపు తిరిగి మెల్లిగా చెప్పింది. "ఈ ఎత్తు కుర్చీ అయితే చెయ్యి ఊతం లేకుండా లేవగలుగుతున్నాడట. ఈ వీధిలో ఎవరైనా తనకేదైనా ఇచ్చి చాలా కాలమైందట. నీకు థాంక్స్ చెప్పమంటున్నాడు. ఇప్పుడడగనా, అమ్మా?"

టైలరమ్మ ఆయన వైపు చూసింది. ఈ దేశానికి వచ్చినప్పటినుంచి ఆ మాట తను చెప్పడమే గానీ, తనకి ఒకరు చెప్పడం ఇదే మొదలు. చెవికి ఎంత బాగుందో! కుంగిన భుజాలు వాటంతటవే లేచాయి.

"అడక్కు. ఇచ్చింది వెనక్కి పుచ్చుకోవడం మన ఇంటా వంటా లేదు."

"సాయంత్రం వాళ్లొస్తే ఎక్కడ కూర్చోబెడతావ్?"

"నెత్తిన కూర్చోబెడతా. కుర్చీ సంగతి మాత్రం ఎత్తకు."

"మరి మిషను?"

"అది వేరు," అంది టైలరమ్మ, నడక అప్పటికే మొదలుపెట్టి.

పచ్చ ఏప్రనావిడది పక్కవీధిలో పూలకొట్టు. అద్దాల వెనక, వీధిలోకి కనబడేలా మిషను పెట్టి ఉంది. దాని నెత్తిన పెద్ద పూలకుండీ. పిడికి రిబ్బను. చక్రం సందుల్లోంచి తీగలు. పూలకొట్టావిడ మురిసిపోతూ దుబాసీతో చెప్పింది, ఇలాంటి పాత వస్తువులు అలంకారానికి ఎంతో బాగుంటాయనీ, ఎలాగూ పని చెయ్యదు కాబట్టే పారేసి ఉంటారని అనుకున్నాననీ.

"పని చెయ్యదా?" అంది టైలరమ్మ.

అద్దాల అరలోకి ఎక్కింది. కుండీ దించి కింద పెట్టింది. తీగలు లాగేసింది. బకెట్టు ఒకటి బోర్లించుకుని కూర్చుని, పూలకొట్టావిడ ఏప్రను వైపు వేలు చూపించింది. దాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉండటం కిటికీలోంచి వంగినప్పుడే ఆవిడ కంటపడింది. ఆ తెల్లబోయినావిడ ఏప్రను విప్పి ఇచ్చింది. పిడి తిరిగింది. టకటకమంటూ మిషను నోరు విప్పింది. పట్టీ అతుక్కుంది. తెగని పట్టీకి కూడా ముందుజాగ్రత్తగా ఇంకో కుట్టు పడింది.

అద్దం బయట జనం ఆగారు. ఒకాయన కోటు విప్పి, చిరిగిన లోపలి గుడ్డ అద్దానికి ఆనించి చూపించాడు. ఒకావిడ సంచీలోంచి జిప్పు ఊడిన గౌను తీసింది. ఆవిడెవరని ఎవరో అడిగితే, దుబాసీ గొంతెత్తి, అందరికీ వినబడేలా, "మా అమ్మ. టైలరు," అని ఆ భాషలో చెప్పింది. ఆ ఒక్క మాట టైలరమ్మకి అనువాదం లేకుండానే అర్థమైంది. పిడి ఇంకాస్త జోరుగా తిరిగింది.

సరిగ్గా అప్పుడే భర్త వచ్చాడు. ఫోనులో "మిషనుతో సహా" అన్న మాట వినగానే ఆయనకి పొద్దుటి మాట గుర్తొచ్చింది. ఇంటికి పరిగెత్తాడు, ఖాళీ. అక్కణ్ణించి బస్‌స్టాండు దారి పట్టాడు. ఆ దారిలోదే పూలకొట్టు. బరువైన బూట్లతో పరిగెడుతున్నవాడు, అద్దాల వెనక పూల మధ్య దేవతలా కొలువుదీరిన భార్యని చూసి, బ్రేకు పడ్డట్టు ఆగి, జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు.

"వెళ్లిపోకే! మిషను నట్టింట్లో పెడతాను. కావాలంటే నేనే వెళ్లి వంటింట్లో పడుకుంటాను. నువ్వు లేకుండా ఈ దేశంలో నేనొక్కణ్ణీ ఏం చెయ్యను?"

ఆయనకి ఊపిరాడటం లేదు. టైలరమ్మ పిడి తిప్పడం ఆపింది. ఇంత మాట ఆయన నోటినుంచి వినడానికి సముద్రాలు దాటి రావలసి వచ్చింది.

"ఎవరండీ వెళ్తోంది? ఇక్కడ ఇంత పని పెట్టుకుని ఎలా వెళ్తాను? ముందా చొక్కా విప్పండి, గుండీ ఊడింది," అంది.

సంగతి తెలిశాక పూలకొట్టావిడ రెండు చేతులతో మిషను తిరిగి ఇచ్చేసింది. ఊరికే కాదు, కుట్టడానికి నాలుగు ఏప్రన్లు కూడా ఇచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు మిషను భర్తగారి భుజం మీద, కోటూ గౌనూ ఏప్రన్లూ దుబాసీ చేతుల్లో ఉన్నాయి. టైలరమ్మ ముందు ఖాళీ చేతులతో నడిచింది. అలా నడవడం కొట్టు యజమానురాలికే చెల్లుతుంది.

సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. ఓనరూ, ఆయన మేనకోడలూ మళ్లీ వచ్చారు. ఇల్లు దక్కలేదు సరే, కిటికీ తెరలు మాత్రం ఈవిడే కుట్టాలని ఆ పిల్ల పట్టు. ముసలాయన కుర్చీ మోసుకొచ్చాడు. లావుపాటాయన టేబులు దించాడు. పిల్లల తల్లి మిగిలిన కుర్చీలు తెచ్చింది. టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, దుబాసీ చేత ఖచ్చితంగా చెప్పించింది, ఇవన్నీ ఈ పూటకి అరువు మాత్రమేననీ, రేపు పొద్దున్నే ఎవరివి వాళ్లు పట్టుకెళ్లాలనీ. తన కుర్చీలు తానే అరువు తెచ్చుకుని, తెచ్చినవాళ్లని కూడా వాటిలోనే కూర్చోబెట్టింది. ఈ కాస్త ఇంటిలో అంతమంది నవ్వగా గోడలు వినడం అదే తొలిసారి.

ఆ సందట్లోకే సూపర్‌వైజరు దంపతులు వచ్చారు. ఆయన చేతిలో రంగుకాగితం చుట్టి, పైన రిబ్బను ముడివేసిన ఒక బహుమతి ఉంది. టైలరమ్మ విప్పింది. పొట్టి స్టూలు. రంగురంగుల ముక్కలతో కుట్టిన మెత్త.

సూపర్‌వైజరు భార్య ఆ మెత్త మీద చెయ్యి రాస్తూ చాలాసేపు మాట్లాడింది. దుబాసీ మొహం ఎర్రబడింది. నవ్వు ఆపుకుంటూ తల్లి చెవిలో చెప్పింది. "మామూలు కొట్లలో దొరకదట. ఎంతో వెతికి తెచ్చారట. ఈ కుట్టు చూడండి, ఇది కుట్టినావిడ చెయ్యి ఎంత గొప్పదో, ఈ ఊళ్లో ఇలా కుట్టగలిగేవాళ్లు ఇంకెవరైనా ఉంటారా అంటోంది. అమ్మా, అది మన—"

టైలరమ్మ కూతురి కాలు మెల్లిగా తొక్కింది. స్టూలు తీసుకెళ్లి మిషను పక్కన పెట్టింది. నిటారుగా నిలబడి, అతిథుల కళ్లలోకి చూసి, చిరునవ్వుతో అంది:

"అవును, సంతోషం."

ఎదుటివాళ్లు ఏమన్నారో తెలిసి ఆవిడ ఆ మాట అనడం ఆ దేశంలో అదే మొదటిసారి.